ద్రవ ఆర్గాన్‌లో ఎలక్ట్రాన్ మూడున్నర మీటర్లు ఎలా పరుగెడుతుంది? హీలియంలో ఎందుకు ఇరుక్కుపోతుంది?

తూనీగ (సోమవారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. నేను ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండు వారాల్లో సెమినార్ ఇవ్వాలి. ద్రవరూపంలో ఉన్న జడవాయువుల్లో అయనీకరణం, రేడియేషన్ డిటెక్టర్లలో దాని ఉపయోగం అన్నది నా అంశం. అమెరికాలో కడుతున్న డ్యూన్ న్యూట్రినో ప్రయోగం గురించి చదువుతూ ఇందులోకి వచ్చాను. దక్షిణ డకోటాలోని పాత హోమ్‌స్టేక్ బంగారు గనిలో, కిలోమీటరున్నర లోతున, ఒక్కో మాడ్యూల్‌లో 17 వేల టన్నులకు పైగా ద్రవ ఆర్గాన్ నింపుతారు. కణం వెళ్లిన దారిలో పుట్టిన ఎలక్ట్రాన్లు ఆ ద్రవంలో మూడున్నర మీటర్ల దాకా నడిచి వచ్చి తీగలకు తమ జాడ చెబుతాయి.

మూడు చోట్ల ఆగిపోయాను. ఆర్గాన్ పూర్తి అవాహకం కదా, అందులో ఎలక్ట్రాన్ అంత దూరం ఎలా వస్తుంది? రెండోది, ఎలక్ట్రాన్ చలనశీలత (ఇచ్చిన విద్యుత్ క్షేత్రంలో ఎలక్ట్రాన్ ఎంత వేగంగా సాగుతుందో చెప్పే సంఖ్య) పట్టికలో ద్రవ ఆర్గాన్‌కు 500, ద్రవ క్సెనాన్‌కు 2,000 దగ్గర, ద్రవ హీలియంకు మాత్రం 0.02 అని ఉంది (వోల్టు-సెకనుకు చదరపు సెంటీమీటర్లలో). ఒకే గ్రూపులోని మూలకాల మధ్య ఇన్ని వేల రెట్ల తేడా ఉంటుందా, లేక అచ్చుతప్పా? మూడోది, ఆర్గాన్ అయనీకరణ శక్తి 15.76 ఎలక్ట్రాన్ వోల్టులు. కానీ ద్రవంలో ఒక ఎలక్ట్రాన్-అయాన్ జంట పుట్టడానికి సగటున 23.6 కావాలంటున్నారు. మిగిలిన శక్తి ఎటు పోతోంది?

గోదావరి మాస్టారు (సోమవారం, రాత్రి 10:05)

అమ్మా తూనీగా, అచ్చుతప్పేమీ లేదు. ఆ పట్టికలో నియాన్‌ను కూడా చూడు, 0.0016 అని ఉంటుంది. అంటే హీలియం కన్నా పదో వంతు. పట్టికను నమ్మి, కారణం వెతుకు.

ఎలక్ట్రాన్‌కూ జడవాయు పరమాణువుకూ మధ్య రెండు బలాలు పోటీ పడతాయి. దగ్గరికి వస్తే, నిండిన కక్ష్యల్లో చోటు లేదు కాబట్టి పౌలీ నియమం నెట్టేస్తుంది. కాస్త దూరాన ఉంటే, ఎలక్ట్రాన్ విద్యుదావేశం వల్ల పరమాణువులోని ఎలక్ట్రాన్ మేఘం ఒక పక్కకు ఒరిగి ఆకర్షణ పుడుతుంది. ఈ ఒరిగే గుణమే ధ్రువణశీలత. హీలియంతో పోలిస్తే అది ఆర్గాన్‌లో ఎనిమిది రెట్లు, క్సెనాన్‌లో సుమారు ఇరవై రెట్లు ఎక్కువ. హీలియం, నియాన్‌లలో నెట్టివేతే గెలుస్తుంది. ఆర్గాన్, క్రిప్టాన్, క్సెనాన్‌లలో ఆకర్షణ గెలుస్తుంది.

ద్రవ హీలియంలోకి అడుగుపెట్టాలంటే ఎలక్ట్రాన్ సుమారు ఒక ఎలక్ట్రాన్ వోల్టు సుంకం కట్టాలి. అంత కట్టడం కన్నా చుట్టూ ఉన్న పరమాణువులను తోసి ఖాళీ చేసుకుని కూర్చోవడమే దానికి చౌక. అలా రెండు నానోమీటర్లకు కాస్త అటూ ఇటూ వ్యాసార్ధం ఉన్న బుడగ ఏర్పడుతుంది. ఆ తరువాత నువ్వు క్షేత్రం పెట్టి లాగేది ఎలక్ట్రాన్‌ను ఒక్కదాన్నే కాదు, వందల పరమాణువులు ఖాళీ చేసిన బుడగ మొత్తాన్ని. అది ఈడ్చుకుంటూ వస్తుంది. ఆర్గాన్ మాత్రం సుంకం అడగకపోగా 0.2 ఎలక్ట్రాన్ వోల్టులు ఎదురిచ్చి లోపలికి పిలుస్తుంది. క్సెనాన్ 0.67 దాకా ఇస్తుంది. అక్కడ ఎలక్ట్రాన్‌కు బుడగ అవసరమే లేదు. లోహంలో ఉన్నట్లు పరమాణువులన్నిటి మీదా పరుచుకుని దాదాపు స్వేచ్ఛగా కదులుతుంది.

ఇక నీ మొదటి ప్రశ్న. అవాహకం అంటే తనంతట తనకు స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు లేనిదని అర్థం, బయటి నుంచి వచ్చినదాన్ని పోనివ్వనిదని కాదు. తన సొంతం ఏమీ లేదు కాబట్టే, వచ్చిన కణం పుట్టించిన కొన్ని వేల ఎలక్ట్రాన్లే అందులో స్పష్టంగా కనబడతాయి. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

సందేహి (మంగళవారం, ఉదయం 7:30)

మాస్టారూ, నాకు ఇంకో వివరణ సరిపోతుందనిపిస్తోంది. హీలియం 4 కెల్విన్ దగ్గర ఉంటుంది, ఆర్గాన్ 87 దగ్గర, క్సెనాన్ 165 దగ్గర. చల్లగా ఉంటే అన్నీ నెమ్మదిస్తాయి. బుడగ దాకా ఎందుకు వెళ్లాలి?

గోదావరి మాస్టారు (మంగళవారం, ఉదయం 8:10)

మంచి ప్రశ్నే, కానీ నియాన్ దగ్గర అది నిలబడదు. నియాన్ 27 కెల్విన్ దగ్గర ద్రవంగా ఉంటుంది, హీలియం కన్నా చాలా వెచ్చన. ఉష్ణోగ్రతే కారణమైతే అక్కడ ఎలక్ట్రాన్ వేగం పెరగాలి, నిజానికి తగ్గింది. మరో సంగతి. ఆర్గాన్‌ను ఇంకా చల్లబరిచి ఘనంగా మారిస్తే చలనశీలత సుమారు 1,000కి పెరుగుతుంది. ఘన క్సెనాన్‌లో 4,000 దాటుతుంది. పరమాణువులు వరుసగా సర్దుకుంటే ఎలక్ట్రాన్‌కు దారి ఇంకా సాఫీ అవుతుంది.

శీతలధార (మంగళవారం, రాత్రి 11:48)

మాస్టారి వివరణ చదివాక నిద్ర మానుకుని రాస్తున్నాను. చిన్న ద్రవ ఆర్గాన్ పరికరాల మీద పదేళ్లుగా పనిచేస్తున్నాను, ప్రస్తుతం విదేశంలో. తూనీగ గారి మూడో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఆ ఎలక్ట్రాన్ పుట్టుక నుంచి మొదలుపెట్టాలి.

వేగంగా పోయే ఒక మ్యువాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, బరువైన కణం) ద్రవ ఆర్గాన్‌లో సెంటీమీటరుకు 21 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దిగవిడుస్తుంది. దాన్ని 23.6తో భాగిస్తే సెంటీమీటరుకు సుమారు 89 వేల జంటలు. మీరు అడిగిన మిగులు శక్తి రెండు దారుల్లో పోతుంది. కొంత పరమాణువులను ఉత్తేజపరచడానికి ఖర్చవుతుంది. ఆర్గాన్‌లో అయనీకరణం చెందిన ప్రతి అయిదు పరమాణువులకు దాదాపు ఒకటి కేవలం ఉత్తేజితమై ఊరుకుంటుంది. తక్కినది, పుట్టిన ఎలక్ట్రాన్లు తమతో తీసుకుపోయే గతిశక్తి. అయనీకరణం చేయడానికి చాలనంతగా బలం తగ్గాక, ఆ చిల్లర శక్తితో అవి ఇంకే జంటనూ పుట్టించలేవు. ఇంకో సవరణ కూడా ఉంది. ద్రవంలో చూడవలసినది 15.76 కాదు. పరమాణువులు దగ్గరగా చేరడం వల్ల అక్కడ ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి దాటాల్సిన శక్తి అంతరం 14.3కు దిగుతుంది. క్సెనాన్‌లో అది 9.28, జంట ఖరీదు 15.6.

ఇప్పుడు ఆ చిల్లర శక్తి ఎలా కరుగుతుందో చూడండి. నీటిలోనో, నూనెలోనో అయితే అణువులకు కంపనాలు, భ్రమణాలు ఉంటాయి. ఎలక్ట్రాన్ వాటికి శక్తిని ఇచ్చేసి క్షణంలో చల్లబడుతుంది. ఆర్గాన్‌లో అవేవీ లేవు, ఉన్నవి ఒంటరి పరమాణువులు. ఎలక్ట్రాన్ వాటిని ఢీకొడితే ఆవగింజను రోలుకేసి కొట్టినట్లే, రోలు కదలదు, ఆవగింజ అదే జోరుతో ఎగిరిపడుతుంది. ఒక సాధారణ స్థితిస్థాపక అభిఘాతంలో ఎలక్ట్రాన్ తన శక్తిలో సుమారు 36 వేలలో ఒక వంతు మాత్రమే పోగొట్టుకుంటుంది. అందుకే పూర్తిగా చల్లబడేలోపు తాను పుట్టిన అయాన్ నుంచి ఒకటి రెండు మైక్రోమీటర్ల దూరం వెళ్లిపోతుంది.

ఈ దూరానికి ఎందుకింత విలువ? 1938లో ఆన్సాగర్ ఒక లెక్క చెప్పారు. ఎలక్ట్రాన్‌ను అయాన్ లాగే శక్తి, ఉష్ణశక్తికి సమానమయ్యే దూరం ఎంతో చూడమన్నారు. ఆర్గాన్‌లో అది 127 నానోమీటర్లు. ఎలక్ట్రాన్ చల్లబడేసరికి దానికి పది రెట్లకు పైగా దూరంలో ఉంది, అంటే తన సొంత అయాన్ పట్టు దాటేసింది. హీలియంలో సరిగ్గా తలకిందులు. అక్కడ ఆ దూరం దాదాపు నాలుగు మైక్రోమీటర్లు. ఎలక్ట్రాన్ మాత్రం వంద నానోమీటర్ల లోపే చల్లబడి బుడగలో కూర్చుంటుంది. పుట్టిన గుమ్మం దాటకముందే తిరిగి లోపలికి లాగేస్తారన్నమాట.

తూనీగ (బుధవారం, ఉదయం 6:20)

శీతలధార గారూ, తెల్లవారుజామున లేచి రెండుసార్లు చదివాను. ఎలక్ట్రాన్ అంత దూరం వెళ్లిపోతే ఆర్గాన్‌లో పునస్సంయోగమే (ఎలక్ట్రాన్ తిరిగి అయాన్‌తో కలవడం) ఉండకూడదు కదా? కానీ 500 వోల్టు/సెం.మీ. క్షేత్రంలో 30 శాతం ఎలక్ట్రాన్లు పోతాయని చదివాను.

ఇంకొకటి. చలనశీలత 500ను క్షేత్రం 500తో గుణిస్తే సెకనుకు రెండున్నర లక్షల సెంటీమీటర్లు, అంటే మైక్రోసెకనుకు 2.5 మి.మీ. అందరూ 1.6 మి.మీ. అంటున్నారు. నా లెక్కలో తప్పెక్కడ?

శీతలధార (బుధవారం, సాయంత్రం 7:15)

లెక్కలో తప్పు లేదు. ఈ రెండో ప్రశ్న చాలామంది పరిశోధక విద్యార్థులకు కూడా తట్టదు, ఎందుకంటే వాళ్లు 1.6ను పట్టికలోంచి తీసుకుని ముందుకు పోతారు.

ముందు అదే చెబుతాను. చలనశీలత 500 అన్నది చాలా బలహీనమైన క్షేత్రానికి. క్షేత్రం సెంటీమీటరుకు వంద, రెండువందల వోల్టులు దాటేసరికి ఎలక్ట్రాన్ వేడెక్కుతుంది. ఆవగింజ-రోలు సంగతే మళ్లీ, క్షేత్రం ఇచ్చే శక్తిని అది పరమాణువులకు దించుకోలేదు. ద్రవం 87 కెల్విన్ దగ్గరే ఉంటుంది, ఎలక్ట్రాన్లు మాత్రం అంతకన్నా చాలా వేడిగా తిరుగుతుంటాయి. వేడెక్కిన ఎలక్ట్రాన్ అటూ ఇటూ ఎక్కువ తుళ్లుతుంది, ముందుకు తక్కువ సాగుతుంది. 500 వోల్టు/సెం.మీ. దగ్గర చలనశీలత 320కి పడిపోతుంది, మీకు 1.6 వస్తుంది. దీనికి రుజువు కూడా ఉంది. ఆర్గాన్‌లో కొద్దిగా హైడ్రోకార్బన్ కలిపితే, ఆ అణువుల కంపనాలు ఎలక్ట్రాన్‌ను చల్లబరుస్తాయి, బలమైన క్షేత్రంలో దాని వేగం పెరుగుతుంది. అడ్డంకి కలిపితే పరుగు పెరగడం మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేదు.

ఇక పునస్సంయోగం. మీ ఎలక్ట్రాన్ తన సొంత అయాన్‌ను దాటింది, నిజమే. కానీ మ్యువాన్ వదిలినది ఒక్క అయాన్ కాదు, వేలాది అయాన్ల బారు. సొంతవాడి నుంచి తప్పించుకున్నది పక్కవాడికి చిక్కుతుంది. అందుకే ఆర్గాన్‌కు ఆన్సాగర్ ఒంటరి జంట లెక్క సరిపడదు. దారి మొత్తాన్ని ఒక స్తంభంలా చూసిన జాఫే లెక్క, 1987లో థామస్, ఇమెల్ ఇచ్చిన పెట్టె నమూనా, బర్క్స్ సూత్రం వాడతారు. స్తంభం ఎంత చిక్కగా ఉంటే నష్టం అంత ఎక్కువ. 500 వోల్టు/సెం.మీ. దగ్గర మ్యువాన్‌కు 70 శాతం మిగులుతుంది. ఆల్ఫా కణం అయితే శక్తినంతా కొన్ని పదుల మైక్రోమీటర్లలో కుమ్మరిస్తుంది కాబట్టి పదో వంతు కూడా బయటికి రాదు.

పోయినవి ఊరికే పోవు. తిరిగి కలిసిన ఎలక్ట్రాన్ ఉత్తేజిత ఆర్గాన్ పరమాణువును మిగులుస్తుంది, అది పక్క పరమాణువుతో జతకట్టి, విడిపోతూ 128 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని వదులుతుంది. క్షేత్రం పెంచితే విద్యుదావేశం పెరుగుతుంది, కాంతి తగ్గుతుంది. తగ్గిస్తే ఇది తలకిందులు. రెండిటినీ కలిపి కొలిస్తేనే మొత్తం శక్తి సరిగ్గా తేలుతుంది. ఒక్క ఆవేశాన్నే కొలిచి ఊరుకునే డిటెక్టర్ సగం సమాచారాన్ని పారబోసుకుంటోందని నా గట్టి అభిప్రాయం.

సందేహి (బుధవారం, రాత్రి 8:40)

అయితే క్షేత్రాన్ని 5,000కు పెంచేస్తే 30 శాతం నష్టం కూడా తగ్గుతుంది కదా?

శీతలధార (బుధవారం, రాత్రి 9:02)

మూడున్నర మీటర్లకు 500 వోల్టు/సెం.మీ. అంటేనే కాథోడ్ మీద లక్షా 80 వేల వోల్టులు పెట్టాలి. పది రెట్లు అంటే 18 లక్షలు, చల్లని ద్రవం గుండా దాన్ని లోపలికి తీసుకెళ్లాలి. దూరం తక్కువైతే అది సాధ్యమే. ఐరోపా కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో అట్లాస్ ప్రయోగపు ద్రవ ఆర్గాన్ కెలోరిమీటర్‌లో (కణాల శక్తిని కొలిచే పరికరం) సీసపు పలకల మధ్య రెండు మిల్లీమీటర్ల సందు, దాని మీద 2,000 వోల్టులు, అంటే సెంటీమీటరుకు పది వేలు. అక్కడ ఎలక్ట్రాన్ ప్రయాణం 450 నానోసెకన్లలో ముగుస్తుంది.

ఉక్కునగరం (గురువారం, ఉదయం 10:30)

నమస్కారం. భౌతికశాస్త్రం నా చదువు కాదు. ఉక్కు కర్మాగారంలోని ఆక్సిజన్ ప్లాంటులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆర్గాన్ పేరు కనబడితే ఆగకుండా ఉండలేను.

ఆర్గాన్ గాలిలోనే ఉంటుంది, 0.93 శాతం. గాలిని ద్రవంగా మార్చి, మరిగే ఉష్ణోగ్రతను బట్టి విడదీస్తాం. నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది, సులువుగా పైకి పోతుంది. అసలు తిప్పలు ఆక్సిజన్‌తోనే. అది మైనస్ 183, ఆర్గాన్ మైనస్ 186. మూడే డిగ్రీల తేడా. ఆ రెండిటినీ విడదీయడానికి ఆర్గాన్ కోసం విడిగా పొడవైన కాలమ్ ఉంటుంది. పాత పద్ధతిలో ఆ కాలమ్ నుంచి వచ్చిన ముడి ఆర్గాన్‌లో రెండు మూడు శాతం ఆక్సిజన్ మిగిలేది. దానిలో హైడ్రోజన్ కలిపి ఉత్ప్రేరకం మీదుగా పంపి నీరుగా మార్చి, ఆ నీటిని ఆరబెట్టి తీసేసేవాళ్లం. కొత్త ప్లాంట్లలో కాలమ్‌నే బాగా ఎత్తుగా కట్టి హైడ్రోజన్ అవసరం లేకుండా చేస్తున్నారు.

మేము ట్యాంకరులో పంపే ఆర్గాన్ 99.999 శాతం స్వచ్ఛం. అందులో ఆక్సిజన్ పది లక్షల్లో ఒకటి. వెల్డింగుకూ, ఉక్కు తయారీకీ అంతకన్నా అక్కర్లేదు. మీ డిటెక్టర్‌కు ఇది చాలుతుందా?

శీతలధార (గురువారం, రాత్రి 10:20)

పెద్దాయనా, ఆ మూడు డిగ్రీల మాట ప్రతి భౌతికశాస్త్ర విద్యార్థీ వినాలి. మాకు కావలసినదంతా మీ కాలమ్ దగ్గరే మొదలవుతుంది.

మీ ప్రశ్నకు లెక్కతో జవాబు చెబుతాను. ఆక్సిజన్ అణువు ఎలక్ట్రాన్‌ను పట్టుకుని ఋణ అయాన్‌గా మారిపోతుంది. వందకోట్ల పరమాణువులకు ఒక ఆక్సిజన్ అణువు ఉంటే, ఎలక్ట్రాన్ సగటు ఆయుష్షు సుమారు 300 మైక్రోసెకన్లు. ఆ లోపు 48 సెంటీమీటర్లు వస్తుంది. మీ ట్యాంకరులో పది లక్షలకు ఒకటి, అంటే వెయ్యి రెట్లు ఎక్కువ. ఆయుష్షు 0.3 మైక్రోసెకను. నడక అర మిల్లీమీటరు. మూడున్నర మీటర్లు నడవాల్సిన ఎలక్ట్రాన్ అర మిల్లీమీటరులో చిక్కిపోతుంది.

డ్యూన్‌లో ఆ దూరానికి 2.2 మిల్లీసెకన్లు పడుతుంది. అందుకు కనీసం 3 మిల్లీసెకన్ల ఆయుష్షు కోరారు, అంటే వెయ్యి కోట్లకు ఒక ఆక్సిజన్ అణువు. అప్పుడు కూడా కాథోడ్ పక్కన పుట్టిన ఎలక్ట్రాన్లలో సగమే చేరతాయి. సెర్న్‌లో 2018లో నడిచిన నమూనా డిటెక్టర్ ప్రోటోడ్యూన్‌లో 20 మిల్లీసెకన్లు దాటించారు, అక్కడ పదింట తొమ్మిది చేరాయి. దానికి చేసే పని వినడానికి సాదాగా ఉంటుంది. ఆర్గాన్‌ను పంపుతో తిప్పుతూ, నీటిని పట్టే మాలిక్యులర్ సీవ్ మీదుగా, ఆక్సిజన్‌ను పట్టే రాగి గుళికల మీదుగా రాత్రింబగళ్లు పోనిస్తారు. రాగి నిండిపోతే వేడిచేసి, హైడ్రోజన్ కలిపిన ఆర్గాన్ పంపి మళ్లీ శుభ్రం చేస్తారు. మీ ఉత్ప్రేరకం కథే, మరో రూపంలో.

ఇప్పుడు నేను చూసిన ఒక సంగతి. స్వచ్ఛతను కొలిచే గొట్టం ఒకటి ద్రవంలో మునిగి ఉంటుంది. ఒక చివర బంగారు పూత ఉన్న బిళ్ల, రెండో చివర ఆనోడ్, మధ్యలో సన్నని తీగల వలలు. క్వార్ట్జ్ ఫైబర్ గుండా అతినీలలోహిత మెరుపు పంపితే బిళ్ల నుంచి ఎలక్ట్రాన్ల గుంపు లేస్తుంది. ఆసిలోస్కోపు తెర మీద మొదట కిందికి ఒక గుంట, 150 మైక్రోసెకన్ల తరువాత పైకి ఒక గుట్ట కనబడతాయి. గుంట బయలుదేరినవి, గుట్ట చేరినవి. ఒకసారి మా చిన్న పరికరంలో ఉదయం నూటికి ఎనభై చేరేవి, అంటే ఆయుష్షు 670 మైక్రోసెకన్లు. సాయంత్రానికి యాభై, అంటే 215. మర్నాడు ఉదయానికి మళ్లీ ఎనభై. గుట్ట రోజూ మధ్యాహ్నం నుంచి కుంగిపోవడం చూస్తూ కూర్చునేవాణ్ని. లీకు అనుకుని ప్రతి బోల్టూ హీలియంతో పరీక్షించాము, ఏమీ దొరకలేదు.

కారణం ద్రవంలో లేదు. పైమూత కింద, ఆర్గాన్ ఆవిరి నిండిన వెచ్చని చోట ప్లాస్టిక్ తొడుగు ఉన్న కేబుళ్ల కట్ట ఒకటి ఉంది. ద్రవంలో మునిగిన ప్లాస్టిక్ గడ్డకట్టి నోరు మూసుకుంటుంది. వెచ్చగా ఉన్నది తనలోని నీటి ఆవిరిని వదులుతూనే ఉంటుంది. మధ్యాహ్నం గది వేడెక్కితే ఇంకా ఎక్కువ. ఆ ఆవిరి పైన కండెన్సర్‌లో చల్లబడి వడపోత లేకుండా నేరుగా ద్రవంలోకి కారేది. కేబుళ్లు మార్చి, కండెన్సర్ ధారను వడపోత ముందుకు మళ్లించాక గుట్ట నిలబడింది. దీనికి మూడు నెలలు పట్టింది. అప్పటి నుంచి ద్రవం కన్నా దాని పైనున్న జానెడు ఆవిరి వైపే నా చూపు ముందు పోతుంది.

గోదావరి మాస్టారు (శుక్రవారం, ఉదయం 7:45)

నైట్రోజన్‌ను కూడా ఈ జాబితాలో చేర్చుకోవాలి కదా? అదీ ఎలక్ట్రాన్లను మింగుతుంది.

శీతలధార (శుక్రవారం, మధ్యాహ్నం 1:10)

మాస్టారూ, ఇక్కడ మిమ్మల్ని సవరించక తప్పదు. ఈ స్థాయిలో నైట్రోజన్ ఎలక్ట్రాన్లను దాదాపు ముట్టుకోదు. అది చెడగొట్టేది కాంతిని. ఆర్గాన్ వెలుగు రెండు భాగాలుగా వస్తుంది, ఒకటి 6 నానోసెకన్లలో, ఇంకొకటి 1.6 మైక్రోసెకన్లలో. ఆలస్యంగా వచ్చే రెండోదాన్ని, అది వెలిగేలోపే నైట్రోజన్ ఆర్పేస్తుంది. పైగా రాగి, సీవ్ రెండూ దాన్ని పట్టవు. అందుకే నైట్రోజన్ తక్కువగా ఉన్న ఆర్గాన్‌నే మొదటి నుంచీ కొనుక్కోవాలి.

గోదావరి మాస్టారు (శుక్రవారం, మధ్యాహ్నం 2:30)

సరిదిద్దినందుకు సంతోషం. తూనీగా, నోట్సులో రాసుకో.

చరిత్ర కూడా నాలుగు వాక్యాల్లో రాసుకో. ద్రవ ఆర్గాన్‌లో అయనీకరణాన్ని హచిన్సన్ 1948లోనే చూశారు. 1968లో లూయిస్ అల్వారెజ్ ద్రవ జడవాయువులతో డిటెక్టర్లు చేయాలని సూచించారు. 1974లో విల్లిస్, రాడెకా ద్రవ ఆర్గాన్ కెలోరిమీటర్ చూపించారు. 1977లో కార్లో రుబ్బియా, ద్రవ ఆర్గాన్ నిండిన తొట్టిలో ఎలక్ట్రాన్లను దూరం నడిపించి కణం దారిని మూడు కొలతల్లో బొమ్మగా తీయవచ్చని ప్రతిపాదించారు. ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలలో ఐకరస్ డిటెక్టర్ ఆ మాటను 600 టన్నుల స్థాయిలో నిజం చేసేసరికి 2010 వచ్చింది. ఆ ముప్పై మూడేళ్లలో చాలా భాగం ఉక్కునగరం గారు చెప్పిన ఆ ఆక్సిజన్‌తో పోరాటమే.

ఉక్కునగరం (శుక్రవారం, సాయంత్రం 5:00)

అర మిల్లీమీటరు మాట చదివి రాత్రంతా అదే ఆలోచన. ముప్పై ఏళ్లు పంపిన ఆర్గాన్‌ను చూసి గర్వపడ్డాను. దానికి ఇంకో పది వేల రెట్ల మెట్టు ఉందని ఇప్పుడు తెలిసింది.

ఒక్కటి మాత్రం పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. ఆర్గాన్ గాలి కన్నా బరువు. చల్లని ఆర్గాన్ ఇంకా బరువు. ఒలికితే గోతుల్లో, నేలమాళిగల్లో నీళ్లలా నిలుస్తుంది. రంగు లేదు, వాసన లేదు. మన శరీరం కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఉక్కిరిబిక్కిరవుతుంది గాని, ఆక్సిజన్ తగ్గితే ముందుగా చెప్పదు. మనిషి రెండు ఊపిరుల్లో పడిపోతాడు, రక్షించబోయిన రెండోవాడు కూడా పడతాడు. చేతిలో ఆక్సిజన్ మీటరు లేకుండా గోతిలోకి దిగకండి. కిలోమీటరున్నర లోతు గనిలో అన్ని వేల టన్నులంటే నాకు మొదట గుర్తొచ్చింది ఇదే.

శీతలధార (శుక్రవారం, రాత్రి 9:30)

ఆక్సిజన్ మీటరు లేకుండా మా ల్యాబు తలుపు కూడా తెరవము, పెద్దాయనా. ఆ బరువునే మేము పనికి కూడా వాడుకుంటాము. పెద్ద తొట్టిని శూన్యం చేస్తే గోడలు నలిగిపోతాయి. అందుకే అడుగు నుంచి నెమ్మదిగా ఆర్గాన్ వాయువు వదులుతాము. బిందెలో నీళ్లు నిండినట్లు అది పైకి లేస్తూ గాలిని పైమూత గుండా నెట్టేస్తుంది. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ ప్రయోగశాలలో దీన్ని పరీక్షించి నిలబెట్టారు, మైక్రోబూన్ డిటెక్టర్ శూన్యం చేయకుండానే నిండింది.

కిరణరేఖ (శనివారం, ఉదయం 11:15)

నేను ఆసుపత్రిలో రేడియేషన్ ఫిజిసిస్టును. మా గాయిగర్ గొట్టాల్లో ఒక్క ఎలక్ట్రాన్ నుంచి కోట్ల ఎలక్ట్రాన్ల వరద పుడుతుంది. మీరు మాత్రం వచ్చిన ఎలక్ట్రాన్లను వచ్చినట్లే లెక్కపెడుతున్నారు. ద్రవంలో వరద పుట్టించలేరా?

శీతలధార (శనివారం, మధ్యాహ్నం 3:40)

చాలా కష్టం. వాయువులో ఎలక్ట్రాన్‌కు రెండు అభిఘాతాల మధ్య చాలినంత దూరం దొరుకుతుంది, పరుగు తీసి బలం పుంజుకుంటుంది. ద్రవంలో ఆ దూరం లేదు. ద్రవ క్సెనాన్‌లో సన్నని తీగల పక్కన సెంటీమీటరుకు పది లక్షల వోల్టుల స్థాయి క్షేత్రం పెడితేనే కొద్దిపాటి వృద్ధి కనిపించింది. ఆర్గాన్‌లో మూడు మిల్లీమీటర్ల దారి నుంచి తీగకు చేరేది 18 వేల ఎలక్ట్రాన్లు, మూడు ఫెమ్టో కూలంబులు, అంతే. అందుకే ఆంప్లిఫయర్లను కూడా ద్రవంలోనే ముంచి, వాటి రొదను కొన్ని వందల ఎలక్ట్రాన్లకు దించుతారు.

చీకటి పదార్థం వెతికేవాళ్లు ఇంకో దారి తొక్కారు. గ్రాన్ సాసోలోని క్సెనాన్ఎన్‌టీ, దక్షిణ డకోటాలోని ఎల్‌జెడ్ రెండూ అలాంటివే. కింద ద్రవ క్సెనాన్, పైన పలుచగా క్సెనాన్ వాయువు. ద్రవంలో పుట్టిన ఎలక్ట్రాన్‌ను ఉపరితలం దాటించి వాయువులోకి లాగుతారు. అక్కడ అది పరుగెడుతూ వందల కాంతికణాలు వదులుతుంది. ఒక్క ఎలక్ట్రాన్ వచ్చినా కనబడుతుంది. కానీ మాస్టారు మొదట్లో చెప్పిన 0.67 ఎలక్ట్రాన్ వోల్టుల బహుమతి ఇక్కడ అడ్డం తిరుగుతుంది. లోపలికి వచ్చేటప్పుడు అందిన మొత్తాన్ని బయటికి వెళ్లేటప్పుడు తిరిగి కట్టాలి. అందుకే దాదాపు అన్నీ బయటపడాలంటే ద్రవంలో ఉపరితలం దగ్గర సెంటీమీటరుకు అయిదు వేల వోల్టుల క్షేత్రం కావాలి. ఇలాంటి పరికరం క్సెనాన్1టీతోనే 2019లో క్సెనాన్-124 క్షీణతను మొదటిసారి చూశారు. దాని అర్ధాయుష్షు 18 పక్కన 21 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు, విశ్వం వయసుకు లక్ష కోట్ల రెట్లకు పైన.

తూనీగ (శనివారం, రాత్రి 8:05)

ఇన్ని రోజులుగా ఎలక్ట్రాన్ల గురించే మాట్లాడుకున్నాము. వెనక మిగిలిన ధన అయాన్లు ఏమవుతాయి?

గోదావరి మాస్టారు (శనివారం, రాత్రి 9:20)

అవి ఎద్దులబండి. ఎలక్ట్రాన్ 2.2 మిల్లీసెకన్లలో దాటే దూరాన్ని అయాన్ దాటాలంటే నిమిషాలు పడుతుంది, ఎందుకంటే దాని వేగం సెకనుకు కొన్ని మిల్లీమీటర్లే. దీని నుంచి రెండు చిక్కులు. అయాన్లు కదలకుండా ఉండి ఆనోడ్ మీద వ్యతిరేక ఆవేశాన్ని ప్రేరేపిస్తాయి, దాంతో సంకేతం ఎలక్ట్రాన్ ఎక్కడ పుట్టిందన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఆనోడ్ ముందు ఫ్రిష్ వల అనే తీగల తెర పెడితే ఆ ప్రభావం ఆగుతుంది. డ్యూన్ తీగల మొదటి వరస చేసే పనుల్లో అదొకటి. రెండోది, భూమి మీద ఉన్న డిటెక్టర్లలో విశ్వకిరణాలు నిరంతరం పడుతుంటే నిమిషాల కొద్దీ అయాన్లు పోగుపడి క్షేత్రాన్నే వంచేస్తాయి. నిటారుగా పోయిన మ్యువాన్ దారి బొమ్మలో సెంటీమీటర్ల కొద్దీ వంగి కనబడుతుంది. గని లోతున విశ్వకిరణాలు అరుదు కాబట్టి ఆ బాధ తగ్గుతుంది.

తూనీగ (తరువాతి వారం, గురువారం, రాత్రి 7:50)

సెమినార్ ఈరోజు అయింది. ఆవగింజ-రోలు, అర మిల్లీమీటరు, గుంట-గుట్ట మూడూ బోర్డు మీద గీసి చెప్పాను. 2.5కూ 1.6కూ తేడా ఎందుకన్న ప్రశ్న సరిగ్గా మా ప్రొఫెసర్ నోటి నుంచే వచ్చింది. వేడెక్కిన ఎలక్ట్రాన్ గురించి చెప్పాక ఆయన చాలాసేపు తల ఊపారు.

ఒక ప్రశ్నకు మాత్రం సగమే జవాబు చెప్పగలిగాను. క్సెనాన్‌లో చలనశీలత ఎక్కువ, జంటకు ఖర్చు తక్కువ, సాంద్రత రెట్టింపు. మరి న్యూట్రినోలకు క్సెనాన్ ఎందుకు వాడరు? ధర ఎక్కువ అన్నాను.

ఉక్కునగరం (గురువారం, రాత్రి 8:30)

తల్లీ, ఇది నేను చెబుతాను. గాలిలో ఆర్గాన్ నూటికి ఒకటికి దగ్గర. క్సెనాన్ కోటికి పైగా అణువుల్లో ఒకటి. పెద్ద ఆక్సిజన్ ప్లాంట్లలో ద్రవ ఆక్సిజన్ అడుగున పేరుకున్న దాన్ని ఏరి తీస్తారు. ప్రపంచం మొత్తం కలిపినా ఏడాదికి కొన్ని పదుల టన్నులే. మీ గనిలో ఒక్క తొట్టి నింపాలంటే కొన్ని వందల ఏళ్ల ఉత్పత్తి కావాలి.

శీతలధార (గురువారం, రాత్రి 10:10)

ఇంతకన్నా మంచి జవాబు నేను ఇవ్వలేను. తూనీగ గారూ, ఈ దారిలో కొనసాగాలనుకుంటే, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఫెర్మీల్యాబ్ న్యూట్రినో ప్రయోగాల్లో భాగస్వామి. అక్కడి భౌతికశాస్త్ర విభాగంలో పీహెచ్‌డీ ప్రవేశాల గురించి అడిగి చూడండి. మీ బోర్డు బొమ్మలు ఫోనులో తీసి ఉంటే ఇక్కడ పెట్టండి, ఆ గుంట-గుట్టలో సమయాలు సరిగ్గా గీశారో లేదో చూడాలని ఉంది.